నాలుగో వంతు

పోర్తో నగరానికి వెళ్లే మెట్రో కదిలింది. ఇక గంటే. సరిగ్గా చెప్పాలంటే గంటకు రెండు నిమిషాలు తక్కువ, ఆ తర్వాత ఆస్పత్రి దాకా పన్నెండు నిమిషాల నడక, తొమ్మిదిన్నరకు లోపలికి పిలుస్తారు, పిలిచి కూర్చోబెట్టి కవరు విప్పుతారు. కవరే ఉంటుందో, కంప్యూటరులోంచి చదువుతారో మరీలియాకు తెలియదు, పోయినసారి అడుగుదామనుకుని మరిచిపోయింది, ఇప్పుడు అన్నిటికన్నా ముందు అదే తెలుసుకోవాలనిపిస్తోంది. కవరయితే బాగుంటుంది, అందులో ఉన్నది ఇప్పటికే ఉన్నట్టు. కంప్యూటరయితే ఎవరో మీట నొక్కేదాకా లేనట్టు. నిజానికి రెండూ తప్పే. ఉన్నది తన ఒంట్లో ఉంది, ముప్పై ఏళ్లుగా ఉంది, లేదా ముప్పై ఏళ్లుగా లేదు, ఈ బండి ఎంత తొందరగా వెళ్లినా ఎంత నింపాదిగా వెళ్లినా అందులో వెంట్రుకవాసి తేడా రాదు. కిటికీ అవతల పోవువా ఊరి చివరి ఇళ్లు, ఆరేసిన దుప్పట్లు, ఒక డాబా మీద అటూ ఇటూ పరుగెడుతున్న ఎవరిదో కుక్క, సముద్రం వైపు ఇంకా పూర్తిగా లేవని అక్టోబరు మంచు. ఎదురు సీట్లో అమ్మ.

అమ్మ వస్తుందని అనుకోలేదు. మంగళవారం పొద్దున అమ్మ ఉండాల్సింది బజారులో, చేపల బల్ల వెనక, కాళ్లకు రబ్బరు బూట్లు, నడుముకు తడి అంటని గుడ్డ, మూడు వీధుల అవతలికి వినపడే గొంతు. అలాంటిది మెట్లెక్కి చూస్తే ప్లాట్‌ఫారం మీద నల్లకోటు వేసుకుని, చావులకూ తిరునాళ్లకూ మాత్రమే బయటికి తీసే నల్లబూట్లు తొడుక్కుని, చేతిసంచి రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని నిలబడి ఉంది అమ్మ, దెయొలింద.

"మరి చేపలో?" అంది మరీలియా, ఇంకేం అడగాలో తోచక.

"చేపలకేమే, అవి ఎలాగూ చచ్చే ఉన్నాయి. ఒక పూట నేను లేకపోతే మళ్లీ చస్తాయా?"

అంతే. ఎందుకొచ్చావని మరీలియా అడగలేదు, ఎందుకొచ్చానో అమ్మ చెప్పలేదు, ఇద్దరూ ఎక్కి ఎదురెదురుగా కూర్చున్నారు. అమ్మ పక్కన ఒడిలో ముల్లంగాకు కట్టలు పెట్టుకున్న ముసలాయన, మరీలియా పక్కన ఫోనులో మునిగిపోయిన కాలేజీ అమ్మాయి. నలుగురు. నలుగురిలో ఒకరు, అనుకుంది వెంటనే, ఆపుకోలేక. వేసవి నుంచీ ఇదే ఆట, ఎక్కడ నలుగురు కనబడినా లెక్క మొదలవుతుంది, కాఫీ బల్ల చుట్టూ నలుగురు, దారి దాటడానికి ఆగిన నలుగురు, తీగ మీద నాలుగు సముద్రకాకులు, వీళ్లలో ఒకరికి ఉంది, ఎవరు? ఇప్పుడు ఈ నలుగురిలో ఎవరు? ముల్లంగాకు ముసలాయన కాదు, ఆ వయసుకు ఎప్పుడో బయటపడి ఉండేది. కాలేజీ అమ్మాయి? పాపం ఆ పిల్ల గోళ్లకు రంగు వేసుకుంది, ఒక్కో వేలికి ఒక్కో రంగు, అలాంటి పిల్లకు ఇవ్వబుద్ధి కాలేదు. మిగిలింది తను, అమ్మ. అమ్మను చూసింది. యాభై ఎనిమిదేళ్ల మొహం, ఉప్పుగాలికి తోలులా బిగిసిన బుగ్గలు, పై పెదవి మీద సన్నని గీతలు, కనుబొమల్లో ఒకటి రెండోదాని కన్నా పైన, ఎప్పుడూ ఎవరినో నమ్మనట్టు.

"ఏంటే ఆ చూపు? నా మొహం మీద కోతులాడుతున్నాయా?"

"ఏం లేదు."

"చూస్తూనే ఉంటావు. పుట్టినప్పుడే మంత్రసాని అంది, దెయొలిందా, దీని కళ్లు చూడు, కొంపలన్నీ సోదా చేసేట్టుందని."

అది నిజమే. సోదా చేయడమే మరీలియా ఉద్యోగం. పురపాలక సంఘంలో తూనికల తనిఖీ, ఎర్రపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి అందులో వరసగా ఇత్తడి తూకపురాళ్లు, వేళ్ల చెమట అంటకుండా పట్టకారుతో తీసి ఒక్కొక్క దుకాణం త్రాసు మీదా పెట్టి చూడటం, సరిపోతే సీలు, సరిపోకపోతే ఆ త్రాసు వాడకుండా మూల కొట్లోకి. మొదటి ఏడాది బజారుకు వెళ్లిన రోజున అమ్మ త్రాసు మూడు గ్రాములు ఎక్కువ చూపించింది. సీలు వేయలేదు. బజారంతా చేతులు కట్టుకుని చూస్తుంటే అమ్మ నడుం మీద చేయి పెట్టుకుని, "తొమ్మిది నెలలు మోశాను, మూడు గ్రాములు మోయలేవా" అని అరిచింది, ఆ మాట మీద ఊరు ఒక వేసవి అంతా నవ్వుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అమ్మ తనే త్రాసు విప్పి, పళ్లెం కింద ఎండి అంటుకున్న పొలుసు ఒకటి గోటితో గీకి చూపించింది. ఒక్క పొలుసు. దాంతో తూచిన ప్రతిదీ మూడు గ్రాములు తప్పు. అప్పుడు అనుకున్నది ఏమిటంటే, త్రాసుకు తన తప్పు తెలియదు కదా అని. త్రాసు మనసులో, దానికి మనసంటూ ఉంటే, తను నిజమే చెబుతోంది.

బండి నది దాటుతోంది, విలా దు కోంద్ దగ్గర నీళ్లు బూడిదరంగులో ఒడ్డుకు ఒరుసుకుంటున్నాయి, ఒక పాత పడవ పక్కకు ఒరిగి ఉంది. పడవ పేరు చదివేలోపే వంతెన అయిపోయింది. తాత పడవ పేరేమిటి? ఎవరూ చెప్పలేదు. అమ్మ తండ్రి అగొస్తీన్యు తాతను మరీలియా చూడలేదు, అమ్మకు పద్దెనిమిదేళ్లప్పుడే పోయాడు, ఫొటోలో మాత్రం ఉన్నాడు, చలికాలం, వాకిట్లో బొగ్గుల కుంపటి, కుర్చీలో ఆయన, మోకాళ్ల మీద దుప్పటి, నలభై నాలుగేళ్ల మనిషి డెబ్భై ఏళ్లవాడిలా. ఆ కుంపటిలో ఒకసారి చెప్పు కాలి వాసన వస్తోందని ఇంట్లోవాళ్లు పరుగెత్తుకొస్తే కాలింది చెప్పొక్కటే కాదట, పాదం నిప్పుల్లో ఉంచుకుని తాత ఎవరితోనో పోయినేటి వేట గురించి మాట్లాడుతున్నాడట. పోవువాలో దాన్ని పాదాల జబ్బంటారు. మొదట వేడి చలి తెలియవు, తర్వాత నొప్పి తెలియదు, తర్వాత పాదం ఎక్కడుందో తెలియదు, ఒళ్లు కరిగిపోతుంది, అన్నం ఇమడదు, పదేళ్లు పడుతుంది అంతా అవడానికి. ఊళ్లో సగం వీధులకు ఆ నడక తెలుసు. ఆదెలీను మామ నడక మరీలియాకూ తెలుసు. ఆయన పొడినేల మీద నడుస్తున్నా మోకాలిలోతు నీళ్లలో నడుస్తున్నట్టు కాళ్లు ఎత్తి ఎత్తి వేసేవాడు, గుర్రంలా, పాదం ముందుకు వేలాడుతూ వచ్చి టప్పుమని రాళ్ల మీద పడేది. తనకప్పుడు అయిదారేళ్లు. వీధి పిల్లలు వెనక నడుస్తూ వెక్కిరించేవాళ్లు. తను వెక్కిరించలేదు, అంతకన్నా అన్యాయం చేసింది, నేర్చుకుంది. ఇంటికొచ్చి బీరువా అద్దం ముందు మామలా నడిచి చూసుకునేది, కాలు అలా వేలాడాలంటే ఏది వదిలేయాలి, మడమా, వేళ్లా, ఆ చప్పుడు సరిగ్గా అలాగే రావాలంటే ఎంత ఎత్తు ఎత్తాలి. ఒక రోజు అచ్చం వచ్చింది. ఆ చప్పుడుకు వంటింట్లోంచి అమ్మ వచ్చి చూసి, చెంప మీద కొట్టింది, కొట్టి ఆ చేత్తోనే దగ్గరకు లాక్కుని, ఎంతసేపు అలా ఉండిపోయిందంటే పొయ్యి మీద సూపు పొంగి మంట ఆరిపోయింది. మామ పోయింది ఆ తర్వాతి శీతాకాలం.

ఇవాళ పొద్దున కూడా చెంచాల పరీక్ష చేసింది. ఎవరికీ తెలియదు ఇది. ఇరవయ్యో ఏట నుంచి, వారానికి ఒకసారి, ఒక చెంచా వేడి కాఫీలో, ఒక చెంచా కుళాయి నీళ్లలో, కళ్లు మూసుకుని చేతులు మార్చి మార్చి ఏది ఏదో మరిచిపోయి, అరికాలికి ఒకటి ఆనించి, ఇది వేడి, ఇది చలి. పదేళ్లుగా ఒక్కసారీ తప్పలేదు. కాదు, ఒకసారి తప్పింది, అది చెంచా చల్లారిపోవడం వల్ల, ఆ మధ్యాహ్నమంతా ఇత్తడిరాళ్లు పట్టకారులోంచి జారిపోతూనే ఉన్నాయి. ఇవాళ ఫలితంలో జబ్బు లేదని వస్తే ఈ చెంచాల సంగతేమిటి? పదేళ్లు కాపలా కాసిన పాదాలు, ఏమీ దాచిపెట్టని పాదాలు, వాటితో ఏం మాట్లాడాలి? ఉందని వస్తే చెంచాలకు పనుంటుంది. లేదని వస్తే ఏమవుతుందో ఊహించడమే కష్టంగా ఉంది. అది వింతగా ఉంది. ఉందని వస్తే ఏం చేయాలో డాక్టర్ లియొనోర్ కాగితం మీద రాసిచ్చింది కూడా, ఏటా పరీక్షలు, మొదటి గుర్తు కనబడగానే రోజుకొక మాత్ర, ముందే పట్టుకుంటే ఆ మాత్ర జబ్బును ఏళ్ల తరబడి నిలబెట్టేస్తుంది, అది చాలకపోతే ఇంకో మందు, మామ కాలంలోలా కాదు. లేదని వస్తే ఏం చేయాలో ఎవరూ రాసివ్వలేదు.

లియొనోర్ వంశపారంపర్య జబ్బుల విభాగంలో డాక్టరు, పొట్టిగా ఉంటుంది, మాట్లాడేటప్పుడు పెన్సిలు రెండు చేతులతో అడ్డంగా పట్టుకుంటుంది, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు. మొదటి రోజు గంటంబావు కూర్చోబెట్టింది. కాగితం మీద మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు, జబ్బు వచ్చినవాళ్లను పెన్సిలుతో నల్లగా నింపింది, తాత నలుపు, ఆదెలీను మామ నలుపు, అమ్మ ఖాళీ సున్నా, అమ్మ కింద తను ఇంకో ఖాళీ సున్నా. జబ్బున్న తండ్రికి పుట్టిన బిడ్డకు వచ్చే అవకాశం సగం. మీ అమ్మగారికి సగం. ఆమె దగ్గరుంటే మీకు రావడానికి మళ్లీ సగం. సగంలో సగం, నాలుగో వంతు. పైగా ఇన్నేళ్లొచ్చినా అమ్మగారికి ఏ లక్షణమూ లేదంటున్నారు కాబట్టి ఇంకొంచెం తక్కువే. మరీలియాకు ఆ లెక్క వెంటనే అర్థమైంది, అది తను రోజూ చేసే పని, అసలు రాయిని చూసి ఒక రాయి పోతపోస్తారు, దాన్ని చూసి ఇంకోటి, అసలు దాంట్లో తప్పుంటే పిల్లరాళ్లన్నిట్లోనూ తప్పు. కాకపోతే ఇక్కడ ప్రతిసారీ బొమ్మా బొరుసూ వేసి మరీ పోతపోస్తున్నారు. జన్యువులో ఒకే ఒక్క అక్షరమట మారేది, దానివల్ల కాలేయం తయారుచేసే ఒక పదార్థం సరిగా మడతపడక, నరాల చుట్టూ ఏళ్ల తరబడి పేరుకుంటూ పోతుందట. ఒక్క పొలుసు, అనుకుంది.

"ఎందుకు తెలుసుకోవాలనుకుంటున్నారు?" అని అడిగింది లియొనోర్.

పెళ్లి, పిల్లలు, ఇల్లు కొనాలా వద్దా, అందరూ ఏదో ఒకటి చెబుతారట. మరీలియా సిగ్గుపడుతూ నిజం చెప్పింది. "ఏముందో చూద్దామని." లియొనోర్ నవ్వలేదు. ఉందని తెలిశాక మళ్లీ తెలియకుండా చేయడం మా వల్ల కాదు, అదొక్కటి గుర్తుపెట్టుకోండి, అంది. ఇంకోటి కూడా అంది. మీ అమ్మగారు ముందు చేయించుకుంటే, ఆమెలో లేదని తేలితే మీకిక ఈ పరీక్షే అక్కర్లేదు. మరి మీలోనే ఉందని తేలితే, అది ఆమెలోనూ ఉన్నట్టే, ఆమెకు తెలుసుకోవడం ఇష్టం లేకపోతే?

ఆ సాయంత్రం అమ్మ గుమ్మంలో కూర్చుని సార్డీన్లు శుభ్రం చేస్తోంది. మరీలియా పక్కన కూర్చుని అంతా చెప్పింది, చదరాలు, సున్నాలు, నాలుగో వంతు. అమ్మ కత్తి ఆగలేదు.

"నువ్వు ముందు చేయించుకోవచ్చు కదమ్మా."

"నా రక్తం నాక్కావాలి."

"సూది మందం రక్తమే."

"సూది మందమైనా నాదే."

"నాలో ఉందని తెలిస్తే నీలోనూ ఉందని తెలిసిపోతుంది. నీకు ఫరవాలేదా?"

"నీ కాయితం నువ్వు చూసుకో. నా సంగతి నాకు తెలుసులేవే" అని, తలకాయలన్నీ పిల్లి వైపు విసిరేసి లోపలికి వెళ్లిపోయింది. మొండిది, అనుకుంది మరీలియా, భయం, అని కూడా అనుకుంది, అమ్మకు భయం ఉంటుందని ఊహించడం అంత కొత్తగా ఉండి ఆ వారమంతా దాన్నే తిప్పి తిప్పి చూసుకుంది, పైకి అంత గట్టిగా కనబడేదాని లోపల ఏముంటుందో అని.

బండి మిందేలు స్టేషను దాటింది, మొక్కజొన్న కోసేసిన పొలాలు, నల్లరాతి గోడలు, యూకలిప్టస్ తోపు, ఒక పొలంలో విమానం నీడ పరుగెత్తుకుంటూ వెళ్లి ఇంటి మీదుగా ఎక్కి దిగింది, దిగుతున్న విమానం మాత్రం కిటికీలోంచి కనబడలేదు. విమానాశ్రయం దగ్గరికొచ్చేశారన్నమాట. ముల్లంగాకు ముసలాయన దిగిపోతూ అమ్మకు టోపీ ఎత్తాడు. అమ్మ ఆయన వెళ్లేదాకా ఆగి, "ఆ ఆకు నిన్నటిది. ఎవరికి అంటగడతాడో" అంది. ఆ సీట్లోకి ఎవరూ రాలేదు. ఇక ముగ్గురు. ముగ్గురయితే లెక్క కుదరదు, ఆట ఆగిపోయింది, ఆగిపోగానే అడుగున ఉన్న భయం కనబడింది, ఇంతసేపూ ఆ ఆట దాన్ని మూతేసి ఉంచిందన్నమాట. సెన్యోరా దా ఓరా స్టేషను. ఘడియల మాత. కాన్పు ఘడియ బాగా జరగాలని ఆడవాళ్లు మొక్కుకునే మాత పేరే ఆ స్టేషనుకు. అమ్మ కిటికీ వైపు తిరిగి, నుదుటి నుంచి గుండె దాకా, భుజం నుంచి భుజం దాకా, చటుక్కున సిలువ గుర్తు వేసుకుంది, ఎవరి జేబులోంచో ఏదో తీస్తున్నట్టు దొంగతనంగా. మరీలియా చూడనట్టు ఫోను తీసింది.

దిగాక అమ్మే ముందు నడిచింది. ఎప్పుడూ అంతే, అమ్మ పక్కన నడవడం ఎవరివల్లా కాదు, పోర్తో ఎత్తుపల్లాల రాళ్ల మీద ఆ నల్లబూట్లు టకటకలాడుతున్నాయి, సంచి ఊగుతోంది, ట్రాము ఆగి దారిచ్చింది. ఆస్పత్రి గేటు, లోపల మూడు భవనాలు, ఎడమవైపుది, రెండో అంతస్తు, మరీలియా మొదటిసారి ఇరవై నిమిషాలు తిరిగింది ఆ గది దొరక్క. అమ్మ బోర్డుల వైపు తల ఎత్తలేదు. మెట్లెక్కి, కుడికి తిరిగి, తెల్లపలకల వసారాలో చివరి తలుపు తోసింది. ఆవిడకు ముక్కుంటుంది, అనుకుంది మరీలియా రొప్పుతూ, చేప ఎక్కడ పట్టారో వాసన చూసి చెప్పే మనిషికి ఆస్పత్రి ఒక లెక్కా. కానీ ఆ ఆలోచన ఎక్కడో సరిగ్గా కూర్చోలేదు, త్రాసు ముల్లు సున్నా దగ్గర ఆగకుండా సన్నగా వణుకుతున్నట్టు.

వేచి ఉండే గదిలో వాళ్లిద్దరే. నీలిరంగు కుర్చీలు, కిటికీలో ఒక మొక్క, గోడ గడియారం తొమ్మిదీ ఇరవై. అమ్మ కూర్చుని కాలి మీద కాలు వేసుకుంది. అప్పుడు చూసింది మరీలియా. కుడికాలి బూటు వెనక, మడమ దగ్గర, లేతరంగు మేజోడు మీద ఒక ఎర్రటి మచ్చ, చిన్న నాణెమంత, అంచులు ఇంకా తడిగా. మొదట అది ఏమిటన్న కుతూహలమే కలిగింది, మరకలు ఎలా పాకుతాయో చూడటం ఆమెకు అలవాటు, ఇది పైకి పాకుతోంది, మేజోడు దారాల వెంట. ఆ తర్వాతే అదేమిటో తట్టింది.

"అమ్మా, కాలు."

"ఏం కాలు?"

"రక్తం."

దెయొలింద వంగి చూసుకుంది. వేరొకరి కాలు చూస్తున్నట్టు చూసింది. బూటు విప్పింది, తలకిందులు చేసి లోపల వేలు పెట్టి తడిమింది. మడమ కింద వేసిన మేకు ఒకటి అట్టను చీల్చుకుని అరంగుళం పైకి వచ్చి ఉంది. ఆ బూటుతో ఇంటి నుంచి స్టేషనుకు, స్టేషను నుంచి ఇక్కడికి, ఆ మెట్లన్నీ, ఆ రాళ్లన్నీ.

"చెప్పులు కుట్టేవాడి పని చూడు. పనికిమాలినోడు" అంది అమ్మ, కానీ గొంతు బజారుది కాదు.

"నీకు తెలియలేదా?"

అమ్మ బూటు వైపే చూస్తోంది.

"అమ్మా. ఎప్పటి నుంచి?"

"ఈస్టరు ముందు నుంచి. అంతకు ముందు కొంచెం తిమ్మిరి. బూట్లలోకి చలి ఎక్కిందేమో అనుకున్నా."

"ఈస్టరు ముందు నుంచా? ఇది అక్టోబరు! ఎవరికైనా చూపించావా? ఇది అదేనేమో అని ఒక్కసారైనా..."

"ఏమో ఏంటే, అదే. నాకు తెలియకనా? తొంభై ఆరులో చెప్పారు." గడ్డంతో గోడ వైపు చూపించింది. "ఈ పక్క గదిలోనే. అప్పుడు కుర్చీలు గోధుమరంగువి. ఆదెలీను పోయిన ఏడు వచ్చి చేయించుకున్నా, ఒక్కదాన్నే, పీనుగులా చలిలో కూర్చుని. ఉందన్నారు. సరే అని మధ్యాహ్నం బండికి వెళ్లి సాయంత్రం చేపలు అమ్ముకున్నా."

ఇరవై మూడేళ్లు. మరీలియా తలలో ఏళ్లన్నీ ఒక్కసారి కదిలాయి, పేర్చిన పెట్టెలు అడుగునుంచి లాగినట్టు, చర్చిలో తన తొలి దివ్యభోజనం నాటి తెల్ల గౌను కుడుతున్న అమ్మ, ఆమెకు తెలుసు, సైకిలు నేర్పుతూ వెనక పరుగెత్తిన అమ్మ, తెలుసు, త్రాసు గురించి అరిచిన అమ్మ, తెలుసు, ప్రతి ఏడూ ఈ ఏడు కాదు అనుకుంటూ పాదాలకేసి చూసుకుని ఉంటుంది, ఏ చెంచాలతో చూసుకుందో, ఎవరూ లేనప్పుడు ఎక్కడ కూర్చునో. తను సోదా చేయని కొంప ఒక్కటే మిగిలిపోయింది, అందులోనే పుట్టి పెరిగింది.

"నాన్నకి?"

"మీ నాన్నకి చెబితే ఆ పడవ మీద తొమ్మిదిమందికీ చెప్పినట్టే."

"నాకెందుకు చెప్పలేదు? ఈ వేసవిలోనైనా? నేనొచ్చి గుమ్మంలో కూర్చుని అడిగాను కదమ్మా, నాలుగో వంతు అని బొమ్మలు గీసి మరీ చెప్పాను..."

"అందుకే" అంది అమ్మ. బూటును ఒళ్లో పెట్టుకుని మేకు మీద బొటనవేలు ఆనించింది. "ఆ రోజు వచ్చి నాలుగో వంతేనమ్మా అన్నావు. నీ మొహం చూశాను. ఎంత తేలిగ్గా ఉందో. నాలుగో వంతంటే మనిషి మోయొచ్చు. నా నోటితో నేను, కాదే, సగం, అని ఎట్టా చెప్పనే?"

సగం. పొద్దుటి నుంచీ నలుగురిలో ఒకరిని వెతుకుతూ వచ్చింది. అప్పుడు కూడా సగమే. ఎదురెదురు సీట్లలో ఇద్దరే ఉన్నారు, ఒకరి దగ్గర ఉంది, రెండోవాళ్లది బొమ్మో బొరుసో. లోపలి కాగితంలో ఏం మారింది? ఏమీ మారలేదు. ఉన్నదే ఉంది. మారింది అమ్మ చెప్పిన ఒక్క మాటతో తన లెక్క మాత్రమే. వేసవంతా, వాన రోజులంతా, ఆ మిగతా బరువును అవతలి పళ్లెంలోంచి తీసి అమ్మ తన ఒళ్లో పెట్టుకు కూర్చుంది, తిమ్మిరెక్కిన పాదాలతో బల్ల వెనక నిలబడి, ఇవాళ మాత్రం ఇంట్లో ఉండలేక బయల్దేరింది. కోపం రావాలి. వస్తోంది కూడా, ఏడు నెలలు వృథా చేశావు, ఆ మాత్ర ఏడు నెలల కిందటే మొదలుపెడితే, అని నోటిదాకా వచ్చింది. తలుపు తెరుచుకుంది.

"మరీలియా" అంది లియొనోర్. తర్వాత ఆమె చూపు కిందికి, బూటు లేని కాలి మీదికి వెళ్లింది.

ఇద్దరూ లోపలికి వెళ్లి కూర్చున్నారు. లియొనోర్ అమ్మ వైపు తిరిగి, ఈ ఫలితం వింటే మీ గురించి కూడా తెలిసిపోవచ్చు, మీకు సమ్మతమేనా, బయట కూర్చుంటారా, అని అడగబోయింది.

"నాది నాకు ఎప్పుడో చెప్పేశారు డాక్టరమ్మా, ఈ గోడ అవతలే. దీనిది చెప్పండి."

పెన్సిలు బల్ల మీద పెట్టేసింది లియొనోర్. కవరు లేదు, కంప్యూటరు లేదు, ఫైలులో మడత కూడా పెట్టని ఒక కాగితం. మరీలియా వైపు చూసి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, "మీకు రాలేదు. మీలో ఆ మార్పు లేదు" అంది.

మరీలియా ఎదురు చూసింది. ఏదో రావాలి కదా ఇప్పుడు, వెలుతురో, ఏడుపో, కాళ్లు తేలిపోవడమో. కిటికీ బయట ఎవరో సామాను దింపుతున్నారు, రేకు మీద రేకు పడ్డ చప్పుడు, లియొనోర్ కప్పు అంచున ఎండిన కాఫీ చార, తన చేతులు తన ఒళ్లోనే ఉన్నాయి. సంతోషం ఎక్కడినుంచి వస్తుందో చూద్దామని లోపలికి తొంగిచూస్తే అక్కడ ఖాళీగా, ఊడ్చిన గదిలా ఉంది. పక్కన మాత్రం ఏదో జరుగుతోంది. అమ్మ భుజాలు.

"ఇంకోసారి చెప్పండి" అంది దెయొలింద.

"మీ అమ్మాయికి ఆ జబ్బు రాదు. ఆమెకు పుట్టబోయే పిల్లలకూ ఆమె నుంచి రాదు. మీ నాన్నగారి నుంచి వచ్చింది ఆమె దాకా రాలేదు."

"ఇంకోసారి."

లియొనోర్ మూడోసారి కూడా చెప్పింది, మొదటిసారి చెప్పినంత నెమ్మదిగా. అమ్మ విన్నది. కోటు చేత్తో మొహం అంతా ఒకే తుడుపు తుడుచుకుంది, బల్ల తుడిచినట్టు. ఆ తర్వాత కుర్చీని వెనక్కి జరిపి, నెత్తురు మేజోడు కాలును ఎత్తి డాక్టరు ముందున్న స్టూలు మీద పెట్టింది.

"సరే. ఇక నాది చూడండి. ఏం మాత్ర ఉందో తెచ్చివ్వండి. దీని ముందు చూపించకూడదని ఓర్చుకున్నా, ఇక ఓర్చుకునే పని లేదు."

లియొనోర్ ఎప్పటినుంచో అడిగి తెలుసుకుంటూ గాయం కడిగి కట్టు కట్టింది, నరాల డాక్టరుతో ఇవాళే మాట్లాడతాను, పక్క గదిలోంచి ఫోను చేసి వస్తాను, కదలకండి, అని వెళ్లింది. ఏడు నెలలు ఆలస్యమే, అంది వెళ్తూ, కానీ మరీ ఆలస్యం కాదు. తలుపు మూసుకుంది. మరీలియా కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. అమ్మ పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. ఇంత బరువుంటుందని తెలియదు. ఎప్పుడూ బూట్లలో ఉండి తెల్లగా, మెత్తగా, అమ్మ చేతులకు ఏమాత్రం సంబంధం లేనట్టున్న పాదం, వేళ్ల మధ్య ఎక్కడో పాత మచ్చ, మడమకు కొత్త కట్టు, వెచ్చగానే ఉంది. ఇందులో అమ్మ లేదు, అనుకుంది, ఉన్నట్టే ఉంది గానీ లేదు. ఎక్కడి దాకా లేదు? ఎక్కడి నుంచి ఉంది? అడగాలి. అడిగి తీరాలి. కోపం ఇంకా గొంతులోనే ఉంది, అది అక్కడే ఉండగానే వేలు కదిలింది.

"కళ్లు మూసుకో" అంది.

"ఎందుకే?"

"మూసుకోమ్మా."

దెయొలింద కళ్లు మూసుకుంది. మరీలియా బొటనవేలి కొస నొక్కింది.

"ఇక్కడ?"

"ఏం చేస్తున్నావు?"

"ఇక్కడ తెలుస్తోందా?"

"లేదు."

చిటికెన వేలు. లేదు. అరికాలు మధ్యలో, గోటితో. లేదు. పాదం మీది నీలిరంగు నరం. లేదు. చీలమండ ఎముక, ఒక పక్క, రెండో పక్క. అమ్మ కళ్లు మూసుకుని, బడిలో జవాబు గుర్తుకురాని పిల్లలా నుదురు ముడిచి, లేదే, లేదే, అంటోంది. మరీలియా వేలు వెడల్పు వేలు వెడల్పు చొప్పున పైకి వెళ్లింది, ఒకటి, రెండు, మూడు.

నాలుగో చోట వేలు ఆనించి నొక్కింది. అమ్మ నుదురు విచ్చుకుంది.

"ఆ" అంది అమ్మ. "అక్కడున్నావు."